పిట్టలు వాలినాయి, రా

విశాఖపట్నంలోని పక్షిజ్వర సన్నద్ధత కేంద్రంలో ఆ ఉదయం లేని ఊళ్లో లేని కోళ్లకు లేని రోగం వచ్చింది. ఏటా అక్టోబరులో ఒకసారి ఇలా వస్తుంది. దేశమంతటా ఒకే రోజున, ఒకే గంటకు, పెద్ద పెద్ద అధికారులు ముఖాలు గంభీరంగా పెట్టుకుని, కాగితం మీది కోళ్ల కోసం కాగితం మీది లారీలను పరుగెత్తిస్తారు. చూసేవాళ్లకు అది బొమ్మలాటే. కానీ ఎనిమిదేళ్ల కిందట ఆ ఆట ఎవరికీ తెలియకపోవడం వల్ల అరవై ఒక్క మంది మనుషులు పోయారు. అందుకని ఇప్పుడు ఎవరూ నవ్వరు.

కేంద్రానికి పెద్ద డాక్టర్ అసిరితల్లి. బల్ల చివర కూర్చుని చేతిగడియారం చూసుకుంటోంది. ఆమె సహాయకురాలు హెప్సిబా నిలబడి నిబంధనలు పైకి చదువుతోంది.

"నిషిద్ధ మండలంలో వలస పక్షి ఒక్కటి వాలినా, తెలిసినవారు గంటలోపు కేంద్రానికి చెప్పాలి. ఎంతటివారైనా సరే."

'ఎంతటివారైనా సరే' అన్న మాట అసిరితల్లి పట్టుబట్టి రాయించిందే. అది విని తల ఊపుతుండగా ఆమె ఫోన్ మోగింది. తెర మీద 'వదిన' అని ఉంది. ఏడేళ్లలో ఆ పేరు ఆ తెర మీద కనపడటం ఇదే మొదటిసారి.

"అసిరీ," అంది అవతలి గొంతు. "పిట్టలు వాలినాయి, రా."

అంతే, పెట్టేసింది.

ఆ మూడు మాటల కోసం అసిరితల్లి ఏడేళ్లుగా మొహం వాచిపోయి ఉంది. ఆ మూడు మాటలే ఇప్పుడు నేరానికి సాక్ష్యం కూడా.

తంపరవలస శ్రీకాకుళం జిల్లాలో సముద్రానికి రెండు మైళ్ల ఇవతల ఉంది. ఊరి పక్కన ఏడాదిలో ఆరు నెలలు మోకాలి లోతు నీళ్లుండే పల్లపు నేల, దాన్నే తంపర అంటారు. ఊళ్లోని చింతచెట్ల మీద ఏటా గూడబాతులు వచ్చి గూళ్లు కట్టేవి. ఒక్కొక్కటి ఐదు కిలోల పైమాటే, ముక్కు కింద చేపల సంచీ వేలాడుతుంటుంది. అయినా ఊరివాళ్లకు అవి పిట్టలే. ఆడపిల్ల ఎంత ఎదిగినా పుట్టింటికి పిల్లే కదా. ఎక్కడి నుంచి వస్తాయని అడిగితే అత్తారింటి నుంచి అనేవారు. పురిటికి వస్తాయి, పిల్లలకు రెక్కలొచ్చాక వెళ్తాయి.

అందుకని ఆ ఊళ్లో ఒక కట్టుబాటు ఉండేది. పిట్టలు వాలనిదే ఏ ఇంటి ఆడపిల్లనూ పుట్టింటికి పిలవరు, పండగైనా సరే. మొదటి పిట్ట వాలిన మూడోనాడు చింతచెట్టు మొదట్లో పసుపునీళ్లు పోసి, అప్పుడు కబురు పెడతారు. కబురు కూడా అందరికీ ఒకటే. పిట్టలు వాలినాయి, రా.

పిట్టలు రావడం మానేసి ఏడేళ్లయింది. మిగతా ఇళ్లవాళ్లు రెండేళ్లు చూసి కట్టుబాటును కాస్త వదులు చేసుకున్నారు. ఇప్పుడు రేషన్ బండి వచ్చిందన్నా సరే కూతుళ్లను పిలుచుకుంటున్నారు. తవిటమ్మ మాత్రం మారలేదు. తవిటమ్మే అసిరితల్లికి వదిన. తల్లీతండ్రీ చిన్నప్పుడే పోతే, అన్న సింహాద్రి తంపరలో వలేసి చేపలమ్మి చెల్లెల్ని చదివించాడు. కాబట్టి అసిరితల్లికి పుట్టిల్లంటే ఆ ఇద్దరే, తర్వాత ఆ ఒక్కతే.

ఆ పిట్టల్ని రాకుండా చేసింది ఎవరో కాదు, అసిరితల్లే.

"హెప్సిబా, డ్రిల్ నువ్వు పూర్తి చెయ్యి. ఇంటి పని పడింది," అని లేచింది.

"ఏమైంది మేడమ్?"

"మా పుట్టింటి నుంచి పిలిచారు."

హెప్సిబా ముఖం విప్పారింది. ఆ అమ్మాయికి కట్టుబాటు సంగతి తెలియదు. తెలిసి ఉంటే ఆ క్షణమే సైరన్ మోగించి ఉండేది, అలా తయారు చేసింది కూడా అసిరితల్లే. ఆమె వెళ్తూ వెళ్తూ అలమారా తాళం తీసి, పరీక్ష కిట్ ఒకటి సంచీలో వేసుకుంది. రిజిస్టరులో 'దేనికి' అన్న గడి ఎదుట కలం ఒక్క క్షణం ఆగింది. 'డ్రిల్ నిమిత్తం' అని రాసింది. ఇరవై మూడేళ్ల ఉద్యోగంలో ఆమె రాసిన మొదటి అబద్ధం అది.

కారు జాతీయ రహదారి ఎక్కాక గంట గడిచింది. నిబంధన ప్రకారం ఆమె అప్పటికే దోషి. నా కళ్లతో చూడకుండా ఏమని చెప్పను అని తనకు తాను సర్దిచెప్పుకుంది. చదువుకున్నవాళ్లకు సాకులకేం కొదవ.

ఎనిమిదేళ్ల కిందటి చలికాలంలో పిట్టలు జబ్బుతో వచ్చాయి. చెట్ల మీద నుంచి పండిన కాయల్లా రాలాయి. వేరే ఊరివాళ్లయితే దూరంగా పోయేవారు. తంపరవలసలో పడిపోయిన పిట్టను పాతచీరలో చుట్టి, ఇంట్లో పురిటిగదిలో పడుకోబెట్టి, చేప తినిపించి మళ్లీ చెట్టెక్కించడం తాతల నాటి అలవాటు. సింహాద్రి అలా పద్నాలుగు పిట్టల్ని మోశాడు. ఐదోరోజుకు జ్వరం, తొమ్మిదోరోజుకు ఊపిరి లేదు. ఆ జ్వరానికి మాత్రలున్నాయి. అవి రాజధాని నుంచి ఊరికి చేరడానికి పదకొండు రోజులు పట్టింది.

అన్న పెద్దకర్మ అయిన మర్నాడే అసిరితల్లి ల్యాబులో సగంలో వదిలేసిన పాత పని మళ్లీ చేపట్టింది. పక్షి కంటికి ఉత్తర దిక్కు ఒక నీడలాగా కనిపిస్తుంది. ఆ నీడనే పక్కకు జరిపితే పక్షి దారి మారుతుంది. ఢిల్లీలో పెద్దల ముందు ఒక గుండ్రటి పంజరంలో పావురాన్ని పెట్టి మీట తిప్పి చూపించింది. ఉత్తరానికి ముక్కు చాచిన పావురం తూర్పుకు తిరిగింది. మీట ఆపితే మళ్లీ ఉత్తరం. పెద్దలు ముచ్చటపడి తలా ఒకసారి తిప్పారు. ఆరోసారికి పావురం ఎటూ తిరగకుండా కూలబడిపోయింది. దాన్ని ఎవరూ రాసుకోలేదు, అసిరితల్లి కూడా.

ఏడాది తిరిగేసరికి తంపర చుట్టూ ఆ నీడను జరిపే పదకొండు ఉక్కు స్తంభాలు లేచాయి. ప్రభుత్వం పెట్టిన పేరు మళ్లింపు వలయం, దాని లోపలిదంతా నిషిద్ధ మండలం. ఊరివాళ్లు పెట్టిన పేరు దిష్టిబొమ్మలు. ఏడు చలికాలాలు ఒక్క పిట్టా వాలలేదు, ఒక్క కోడీ చావలేదు. అసిరితల్లికి శాలువాలు కప్పారు. శాలువా కప్పుకున్న ప్రతిసారీ ఆమెకు చింతచెట్లే గుర్తొచ్చేవి.

రెండో ఏడు ఉండబట్టలేక పిలవకుండానే వెళ్లింది. తవిటమ్మ మంచినీళ్లిచ్చింది, ఆరోగ్యం అడిగింది, అన్నం పెట్టింది. కోపంగా ఒక్క మాట అనలేదు. కాళ్లకు నీళ్లు మాత్రం ఇవ్వలేదు, ఉండమనీ అనలేదు. అసిరితల్లి సాయంత్రం బస్సుకే తిరిగొచ్చి, భర్తకు తలనొప్పని చెప్పి పడుకుంది.

ఇప్పుడు తవిటమ్మ గుమ్మంలోనే ఇత్తడి చెంబుతో నిలబడి ఉంది. జుట్టు సగం నెరిసింది. వంగి ఆడపడుచు కాళ్ల మీద పసుపునీళ్లు పోసింది. నీళ్లు వేళ్ల సందుల్లోకి జారుతుంటే అసిరితల్లికి ఏడుపు ఆగలేదు.

"ఏడుపెందుకే, వచ్చీసినావు కదా. ముందు తిను," అంది తవిటమ్మ.

"వదినా, అదెక్కడుంది?"

"ఎక్కడికీ పోదులే. తిన్నాక సూడు."

చేపల పులుసు, అన్నం, పక్కన గుమ్మడి వడియాలు. తినకూడదని అసిరితల్లికి తెలుసు, లేచి చూడాలని తెలుసు. రెండోసారి కూడా వడ్డించుకుని తింది. ఆ పది నిమిషాలు తనవి అనుకుంది.

పురిటిగది ఇంటి వెనకాల ఉంది. తవిటమ్మకు పిల్లలు లేరు. ఆ గదిలో జరిగిన పురుళ్లన్నీ పిట్టలవే. తలుపు తీస్తే మూలన పాతచీర మీద ఒక ముసలి గూడబాతు కూర్చుని ఉంది. ఈకలు మాసిపోయి ఉన్నాయి. కాలికి రాగి కడియం ఉంది.

"ముత్యాలు," అంది అసిరితల్లి.

గూటి నుంచి పడిపోతే సింహాద్రి చేత్తో చేప తినిపించి పెంచిన పిల్ల అది. తన పాత వంటపాత్ర కాడ కరిగించి ఆ కడియం చేయించాడు. అదే కాలికి అసిరితల్లి అప్పట్లో గింజంత పరికరం ఒకటి తగిలించింది, అది తిరిగిన దారంతా దాచుకునేలాగా.

"మూడ్రోజులైంది. ఊరికి సెప్పలేదు. నీకే సెప్పినాను," అంది తవిటమ్మ. "మీ అన్న పెంచిన పిట్ట ఇది. నాకు మిగిలింది ఇదొక్కతే కదేటి."

అసిరితల్లి చేతితొడుగులు వేసుకుని పరికరం దగ్గరకు ఫోన్ పెట్టింది. తెర మీద పటం వచ్చింది, దాని మీద ఎర్రగీత. తవిటమ్మ వంగి చూసింది.

"ఇదేటి, దారం సిక్కులు పడినట్టున్నాది."

"ముత్యాలు తిరిగిన దారి, వదినా."

ఎర్రగీత ఉత్తరం నుంచి తిన్నగా వచ్చి, వలయం అంచు దగ్గర పక్కకు విరిగింది. మళ్లీ వచ్చింది, మళ్లీ విరిగింది. పంతొమ్మిది రోజులు అది వలయం చుట్టూ తిరుగుతూనే ఉంది. ప్రతి రాత్రీ దిగింది మాత్రం కోతకోసిన పొలాల్లో, మేతబాతుల మందల మధ్య. అటువంటి వేలాది బాతుల మందల్లోనే రోగం నిద్రపోతూ ఉంటుందని అసిరితల్లికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. చివరి నాలుగు మైళ్లు గీత సన్నగా, నెమ్మదిగా, కాలువ వంపులన్నీ తిరిగి వచ్చింది. అక్కడ ముత్యాలు ఎగరలేదు. ఆకాశంలో దారి తప్పిపోతుంటే, కాలువ పట్టుకుని ఈదుకుంటూ ఇల్లు చేరింది.

అసిరితల్లి గోడకు ఆనుకుని కాసేపు కూర్చుంది. తిన్నగా రానిస్తే ఆ బాతుల్లో పడి ఉండేది కాదు. అన్నను చంపిన రోగం ఈ ఊరికి రాకూడదని కట్టిన కంచె, ఆ రోగం దగ్గరికే దీన్ని తోలింది. తర్వాత లేచి, ముత్యాలు ముక్కు తెరిచి నమూనా తీసి, కిట్‌లో వేసింది. పావుగంటకు రెండు గీతలు పడ్డాయి, రోగం ఉన్నట్టే.

"వదినా, దీనికి మేత ఎలా పెట్టావు?"

"సేత్తోనే. ఇంకెలా పెడతారు?"

ఆమె హెప్సిబాకు ఫోన్ చేసింది.

"మేడమ్, మనం నలభై నిమిషాల్లో ముగించాం. ఇన్నేళ్లలో ఇదే తక్కువ," అంది హెప్సిబా సంతోషంగా.

"ఇప్పుడు నేను చెప్పేది డ్రిల్ కాదు. రాసుకో. తంపరవలస. గూడబాతు ఒకటి. రెండు గీతలు పడ్డాయి. తాకినవాళ్లు ఇద్దరు."

అవతల కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది. తర్వాత హెప్సిబా గొంతు తను నేర్చుకున్నట్టే స్థిరంగా వచ్చింది. "ఇద్దరి పేర్లు చెప్పండి."

"గొర్లె తవిటమ్మ. రెండో పేరు నాది. నాకు పొద్దున తొమ్మిదింబావుకే తెలుసని కూడా రాయి."

తవిటమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి అంతా విన్నది.

"పిలిస్తే ఆడపిల్లలా వచ్చినావనుకున్నాను. డ్యూటీకొచ్చినావేటి?"

"రెండింటికీ వచ్చాను, వదినా."

"రెండూ ఒక మనిషి సెయ్యలేదే, అసిరీ."

తెల్లదుస్తులవాళ్లు నలభై నిమిషాల్లో వచ్చారు. ముత్యాలు ప్రాణం తీసే సూది తనే వేస్తానంది అసిరితల్లి. వాళ్లలో ఒకతను పక్షిని పట్టుకోబోతే తవిటమ్మ అడ్డుపడింది.

"నానే పట్టుకుంటాను. కొత్త సేతులకు బెదురుతాది."

తొడుగులు తొడిగించుకుని, ముత్యాల్ని ఒళ్లో పెట్టుకుని, మెడ నిమురుతూ కూర్చుంది. సూది దిగినప్పుడు అది ముక్కు తెరిచింది, మేత కోసం తెరిచినట్టే. తవిటమ్మ రాగి కడియం తీసి ఇమ్మని అడిగింది. నిబంధన ఒప్పుకోదని అసిరితల్లి చెప్పాల్సి వచ్చింది.

ఊళ్లో మూడు వందల పన్నెండు కోళ్లను సాయంత్రానికి పూడ్చిపెట్టారు. ఇంటి చుట్టూ కంచె వేశారు. తాకినవాళ్లు పద్నాలుగు రోజులు బయటికి రాకూడదు. అలా అసిరితల్లికి పుట్టింట్లో పద్నాలుగు రోజులు దొరికాయి. ఏడేళ్లు మొక్కుకున్న మొక్కు ఇలా తీరుతుందని ఏ దేవుడూ ముందుగా చెప్పలేదు.

నాలుగు రోజులు తవిటమ్మ మాట్లాడలేదు. వండింది, పెట్టింది, అటు తిరిగి పడుకుంది. కోళ్లు పోయినవాళ్లు కంచె అవతల నిలబడి నోటికొచ్చింది తిట్టారు. తిట్టినవాళ్లే కాసేపటికి కూరగాయలు తెచ్చి కంచె దగ్గర పెట్టి పోయారు. ఐదోరోజు మధ్యాహ్నం తవిటమ్మకు ఒళ్లు కాలిపోయింది. అసిరితల్లి చెయ్యి వేసి చూసి, ఫోన్ అందుకుంది. మాత్రలు మండలంలోనే నిల్వ ఉన్నాయి. ముప్పై ఐదు నిమిషాల్లో కంచె దాటి వచ్చాయి, వెంట ఊపిరి యంత్రం, ఇద్దరు నర్సులు కూడా.

నాలుగోనాటికి జ్వరం దిగింది. తవిటమ్మ గోడకు ఆనుకుని గంజి తాగుతూ అడిగింది.

"ఈ మాత్రలేనేటి?"

"ఇవే వదినా."

"అప్పుడు పదకొండు రోజులు కదా."

"పదకొండు రోజులు."

తవిటమ్మ గంజి గిన్నె కింద పెట్టి చాలాసేపు ఏడ్చింది. మొగుడు పోయిన రోజున కూడా ఆమె అంతగా ఏడవలేదు. అసిరితల్లి పక్కన కూర్చుని వీపు నిమిరింది.

"మందు ముందు తెచ్చి పెట్టుకోడం మంచి పనే, అసిరీ," అంది చివరికి. "దారి మూసీడమే తప్పు. పుట్టింటికి రావద్దంటే ఆడది రాకుండా పోద్దేటి? దొడ్డిదారిన వస్తాది, రోగం మోసుకుని వస్తాది."

పద్నాలుగోరోజు కంచె తీశారు. తవిటమ్మ ఆడపడుచు ఒడిలో బియ్యం, పసుపుకొమ్ములు, జాకెట్టు ముక్క పోసి బొట్టు పెట్టింది.

"వచ్చే ఏడు పిట్టలు వాలితే పిలుస్తాను. వాలకపోతే పిలవను. నా మాట తెలుసు కదా."

తెలుసు. అసిరితల్లి నివేదిక రాసింది. మొదటి పేజీలో తను దాచిన గంటల సంగతి, రెండో పేజీ నుంచి ముత్యాలు తిరిగిన దారి. దాచినందుకు ఆమెను కుర్చీ నుంచి దింపి, హెప్సిబాను కూర్చోబెట్టారు. రాసినందుకు ఎర్రగీత ఉన్న పటాన్ని ఢిల్లీలో పెద్దలు ఒకరి తర్వాత ఒకరు చూశారు. ఈసారి ఎవరూ ముచ్చటపడలేదు. కోళ్లకు వలలు కట్టారు, మేతబాతుల్ని తంపర వైపు రానివ్వలేదు, మాత్రలు ప్రతి మండలంలోనూ రెట్టింపు చేశారు. ఆపైన, ఒక్క చలికాలానికి ప్రయోగంగా, పదకొండు స్తంభాల మీటలూ ఆపారు.

అక్టోబరు వచ్చింది. ఆకాశం తెరిచి ఉంది. తంపర నిండా నీళ్లున్నాయి. చింతచెట్లు నిండుగా చిగిర్చి ఉన్నాయి. ఒక్క పిట్టా వాలలేదు.

నవంబరు సగమయ్యేసరికి అసిరితల్లికి అర్థమైంది. పావురం ఐదుసార్లు తిరిగి ఆరోసారి కూలబడిపోయింది. ఈ పక్షులు ఏడేళ్లు తిరిగాయి. పాతవి వేరే చెట్లు వెతుక్కున్నాయి, లేదా పోయాయి. కొత్తవాటికి తంపరవలస అనే ఊరుందని చెప్పేవాళ్లు లేరు. దారి మరిచిపోనిది ఒక్కటే మిగిలింది. దానికి ఆమె తన చేత్తోనే సూది వేసింది. చేసింది తప్పు కాదు, మళ్లీ చెయ్యమన్నా చేస్తుంది. ఆ సంగతి మనసుకు ఎన్నిసార్లు చెప్పినా అది వినలేదు.

నవంబరు ఇరవయ్యో తారీకు పొద్దున కేంద్రంలో ఒక మూల బల్ల దగ్గర కూర్చుని ఉండగా ఫోన్ మోగింది.

"వాలలేదే, అసిరీ," అంది తవిటమ్మ.

"తెలుసు వదినా."

"రోజూ సూస్తన్నాను. మేడెక్కి సూస్తన్నాను. మెడలు పీకేస్తన్నాయి. ఒక్కదాన్నే ఎంతకని సూడను. రా."

"పిట్టలు వాలకుండా వస్తే కట్టుబాటు తప్పినట్టు కదా, వదినా."

"ఎవరో ఒకరు ముందొచ్చి వాలాలి కదేటి. నువ్వు రా."

అసిరితల్లి కళ్లు తుడుచుకుని హెప్సిబా గదికి వెళ్లింది. పది రోజులు సెలవు అడిగింది. హెప్సిబా ఇంకా ఆ కుర్చీలో ముందుకు వంగే కూర్చుంటుంది, ఎవరో వచ్చి లేపుతారన్నట్టు. కాగితం చూడకుండానే సంతకం పెట్టింది.

వెళ్తూ వెళ్తూ అసిరితల్లి అలమారా దగ్గర ఆగింది. తాళం తీయించి ఒక పరీక్ష కిట్ తీసుకుంది. రిజిస్టరు గుమాస్తా ఆమె వైపు తిప్పాడు. 'దేనికి' అన్న గడిలో ఈసారి కలం ఆగలేదు.

'పిట్టలు వాలితే' అని రాసింది.